సముద్రం దాటిన చదువులు: మొగల్తూరు ఒడ్డు నుంచి చూస్తే

పోస్టు పెద్దదే, కాస్త ఓపిక పట్టండి. సగం ఇవాళ, సగం రేపు చదివినా పర్లేదు.

ఈమధ్య మన గ్రూపులో డిగ్రీ పిల్లలు ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. విదేశంలో ఒక్క సెమిస్టర్ చదివొచ్చే ప్రోగ్రాములు ఉన్నాయంట కదా, అవి మనలాంటి వాళ్ళకి వస్తాయా అని. అప్లికేషన్ల సంగతి తెలిసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. మేం ఇక్కడ రాసేది వేరే. సముద్రం దాటి చదువుకోవడం అనే పని మన ప్రాంతంలో ఎవరికి, ఎప్పుడు, ఎవరి డబ్బుతో కుదిరింది? ఆ కాలంలో మనోళ్ళు ఎక్కడున్నారు? మేం ఉండేది మొగల్తూరు వైపు కాబట్టి, మా ఒడ్డు నుంచే మొదలుపెడతాం.

మొగల్తూరు అనగానే బయటివాళ్ళకి కృష్ణంరాజు, చిరంజీవి గుర్తొస్తారు. కొంచెం పాత సంగతులు తెలిసినవాళ్ళకి కలిదిండి రాజుల జమీందారీ గుర్తొస్తుంది. చెరువు గట్ల మీద కాపలా పాకల్లో బతికే యానాదులు, బుట్టలల్లుతూ సోది చెబుతూ ఊళ్ళు తిరిగిన ఎరుకలవాళ్ళు ఎవరికీ గుర్తురారు. డెల్టాలో గిరిజనులున్నారా అని అడిగినవాళ్ళు మాకు చాలామందే తగిలారు. ఉన్నామండి. కొండలు లేవు గానీ మేం ఉన్నాం.

మొగల్తూరు పక్కన నరసాపురం, నరసాపురాన్ని ఆనుకుని మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, సరుకు కొని పోగేసే కోఠీ. ఇక్కడి నేతగాళ్ళు నేసిన నూలు బట్ట ఓడలెక్కి యూరప్ పోయింది. ఆ ఊరి పేరే బట్టకి పేరైపోయి, మడపోలం అనే మాట ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఈరోజుకీ ఉంది. వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురంలో ఓడలు కూడా కట్టేవాళ్ళు, యూరపు వర్తకులు వచ్చి కట్టించుకునేవాళ్ళు. బట్ట వెళ్ళింది, ఓడ వెళ్ళింది. నేసినవాడూ చెక్క కోసినవాడూ ఒడ్డునే ఉండిపోయారు.

తర్వాత మనుషులు కూడా వెళ్ళారు, కానీ చదువుకి కాదు. 1830ల నుంచి కోరింగ రేవు మీదుగా తెలుగువాళ్ళు మారిషస్ చెరుకు తోటలకి పోయారు. అక్కడ తెలుగువాళ్ళని కోరింగీలనే పిలిచేవారు, రేవు పేరే జాతి పేరైంది. ఆదివాసులు అంతకంటే వెనకేం లేరు. ఛోటానాగపూర్ కొండల నుంచి ముండా, ఒరావ్ కూలీల్ని ధాంగర్లు అనే పేరుతో కలకత్తా రేవుకి నడిపించి ఓడలెక్కించారు. 1838లో విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు బ్రిటిష్ గయానాకి మొదటి భారతీయ కూలీల్ని తీసుకెళ్ళాయి. వాళ్ళలో కొండ కూలీలని రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆదివాసి సముద్రం దాటడం కొత్త విషయం అనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. రెండొందల ఏళ్ళ నాడే దాటాడు. అతని చేతిలో పుస్తకం లేదు, వేలిముద్ర వేసిన కాగితం ఉంది.

ఇప్పుడు 1922కి వద్దాం. చరిత్ర పుస్తకాల్లో ఈ సంవత్సరం మనకి ఒక్క కారణంతోనే గుర్తు. ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వాళ్ళతో నడిచిన కొండ జనం మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు. సీతారామరాజు చిన్నప్పుడు కొన్నాళ్ళు నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివారు కాబట్టి మావైపు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. గంటం దొర, మల్లు దొరలు ఏ స్కూల్లో చదివారని మాత్రం ఎవరూ అడగరు. ఆ కొండల్లో అప్పుడు స్కూలు ఎక్కడుంది అడగడానికి?

అదే 1922 అక్టోబరు 26న మా పక్క ఊరు భీమవరంలో పుట్టిన ఒక మనిషి అమెరికాలో బోస్టన్ రేవులో దిగాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కథ చాలామందికి సైన్సు పాఠంగా తెలుసు, మనం చదువుకోవాల్సింది డబ్బు కథగా. 1895లో పుట్టారు, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్ కాకుండా చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బుల చదువే చదవాలని హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకి బయల్దేరారు. బ్రాహ్మణ కుటుంబమే గానీ చేతిలో డబ్బులేదు. మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ కొంత ఇచ్చింది.

ఈ నాయకర్ గారి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కోరింగ మనిషి. ఓడల మీద రంగూన్ పోయి, అక్కడ వ్యాపారంలో బాగా సంపాదించి, ఆస్తిని పిల్లల చదువులకీ ధర్మానికీ రాసి పోయారు. కూలీల్ని మోసిన ఆ రేవు మనిషి డబ్బే మన డెల్టా పిల్లాణ్ణి హార్వర్డ్ దాకా పంపడానికి పనికొచ్చింది. సర్కారు స్కాలర్‌షిప్పులు లేని రోజుల్లో ఒక ట్రస్టు ఏం చెయ్యగలదో ఇక్కడ కనబడుతుంది. మన సంఘాల్లో పెద్ద ఉద్యోగాలకి చేరినవాళ్ళు దీన్ని ఒకసారి ఆలోచిస్తే బాగుంటుంది. గుడికి ఇచ్చేవాళ్ళు, బ్యానర్లకి ఇచ్చేవాళ్ళు ఉన్నారు మరి.

బోస్టన్‌లో మొదటి నెలల్లో సుబ్బారావుకి హార్వర్డ్ నుంచి స్కాలర్‌షిప్ ఏమీ లేదు. రిచర్డ్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసరు ఆదుకున్నారు. పగలు క్లాసు, రాత్రి ఆస్పత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని. ఇక్కడ ఆయన కులంలో ఎవరూ ముట్టుకోని పని అక్కడ చేసి చదువుకున్నారు. ఈ ముక్కని కష్టపడితే పైకొస్తారు అనే నీతికథలా వాడతారు. మాకు వేరే ఆలోచన వస్తుంది. ఆ పని ఇక్కడ తరతరాలుగా చేసినవాళ్ళకి ఆ రాత్రి డ్యూటీ తర్వాత పొద్దున్న హార్వర్డ్ క్లాసు లేదు. తేడా కష్టంలో లేదు, పొద్దున్న వెళ్ళడానికి ఏముంది అన్నదాంట్లో ఉంది. ఇంతకీ ఆయన 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాల శక్తి మీద పని చేశారు, 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరాక ఆయన నడిపిన పరిశోధనలోంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకి వాడే హెట్రజాన్, కేన్సరుకి వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. మన పీహెచ్‌సీలో గర్భిణులకి ఇచ్చే మాత్రలో, బోదకాలు మాత్రల పంపిణీలో ఆ సెమిస్టర్ల ఫలం ఉంది. 1948లో అక్కడే చనిపోయారు. ఇంటికి మళ్ళీ రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆమె వైపు నుంచి ఈ కథ రాసినవాళ్ళు తక్కువ.

అదే 1922లో మూడోది, మనకి అన్నిటికన్నా దగ్గరది. జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. 1903లో ఇప్పటి జార్ఖండ్ ఖూంటీ దగ్గర టక్రా పహాన్‌టోలీలో పుట్టిన ముండా పిల్లాడు. రాంచీ సెయింట్ పాల్స్ స్కూల్ ప్రిన్సిపల్ కాస్‌గ్రేవ్ అనే పాదిరీ 1918లో తనతో ఇంగ్లండుకి తీసుకెళ్ళాడు. మతగురువుని చెయ్యాలని పాదిరీల ఆలోచన, కాంటర్బరీలో ఆ చదువులోనే పెట్టారు. కుర్రాడు అక్కడినుంచి ఆక్స్‌ఫర్డ్‌కి మళ్ళి ఆర్థికశాస్త్రం చదివాడు, హాకీలో యూనివర్సిటీ బ్లూ సంపాదించాడు, ఐసీఎస్‌కి కూడా ఎంపికయ్యాడు. ఐసీఎస్ ప్రొబేషన్‌లో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ జట్టు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. సెలవివ్వలేదు. వెళ్ళిపోయాడు. జట్టు బంగారు పతకం గెలిచింది, ఫైనల్ మాత్రం ఆయన ఆడలేదు. తిరిగొచ్చాక, సెలవు లేకుండా పోయావు కాబట్టి ప్రొబేషన్ ఇంకో ఏడాది చెయ్యమన్నారు. చెయ్యనన్నాడు. ఐసీఎస్ వదిలేశాడు.

కలెక్టరు ఉద్యోగం అలా వదిలెయ్యడం ఏంటి అని మనలో కొందరికి అనిపిస్తుంది. మాకూ గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్ళు ఎదురుచూసిన అన్నలు ఉన్నారు కాబట్టి ఆ బాధ తెలుసు. కానీ తర్వాతి పదేళ్ళు చూడండి. బర్మా షెల్‌లో ఉద్యోగం, ఆఫ్రికాలో గోల్డ్‌కోస్ట్ అచిమోటా కాలేజీలో పాఠాలు, రాయపూర్ రాజకుమార్ కాలేజీ, అన్నీ తిరిగి 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యారు. 1946 డిసెంబరు 19న రాజ్యాంగసభలో లేచి, నన్ను జంగ్లీ అంటారు, ఆ పేరంటే నాకు గర్వమే అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఆ సభలో మన తరఫున అంత గట్టిగా మాట్లాడగలిగింది ఆయనకి ఆ భాష వాళ్ళ ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నది కావడం వల్ల కూడా. పాదిరీలు ఒక పని కోసం పంపితే ఆయన వేరే పనికి వాడుకున్నారు. పంపినవాడి ఉద్దేశం చదువుకి హద్దు కాదు.

ఈ మూడింటి పక్కన నాలుగోది కూడా పెట్టాలి, అది మా వీధిది. 1922లో మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం నడుస్తోంది. మొదటిది 1871 నాటిది, మద్రాసు వైపు మాత్రం 1911 చట్టంతో వచ్చి ఎరుకలవాళ్ళ మీద మన జిల్లాల్లో అమలైంది. రిజిస్టరులో పేరెక్కిన ఎరుకల మనిషి ఊరు దాటాలంటే పాసు కావాలి, వేళకి హాజరు వేయించుకోవాలి. 1913లో బాపట్ల వైపు స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అంటే భీమవరం మనిషి బోస్టన్‌లో దిగిన రోజున, అదే డెల్టాలో ఒక ఎరుకల కుర్రాడు పక్కూరి సంతకి పోవాలంటే కాగితం అడగాలి. ఆ చట్టం 1952లో పోయింది. మా తాతల్లో ఆ హాజరు పుస్తకం చూసినవాళ్ళున్నారు. మా ఇళ్ళల్లో పాస్‌పోర్టుకి పోలీసు వెరిఫికేషన్ అనగానే ముసలాళ్ళు ఎందుకు బెదిరిపోతారో ఇప్పటి పిల్లలకి అర్థం కాదు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి పేరు రాసుకోవడం వాళ్ళకి మంచి జ్ఞాపకం కాదు.

మల్లు దొర సంగతి కూడా ముగించాలి. ఫితూరీ అణిగాక ఆయనకి శిక్ష వేసి అండమాన్ పంపారు. మన తెలుగు కొండల నుంచి సముద్రం దాటినవాళ్ళ జాబితాలో ఆ పేరు ముందు వరసలో ఉంటుంది. తిరిగొచ్చి, 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. సెల్యులార్ జైలు ఆయన విదేశీ యూనివర్సిటీ అనుకోండి. అలా అనుకోవడం మాకు నవ్వులాట కాదు.

ఇక సెమిస్టర్ విషయం. చదివే కాలేజీ మారకుండా మధ్యలో కొన్నాళ్ళు వేరే దేశంలో చదివొచ్చి, ఆ మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుపుకోవడం అనే పద్ధతి పాతదేం కాదు. అమెరికాలో డెలవేర్ యూనివర్సిటీ 1923లో ఎనిమిది మంది విద్యార్థుల్ని ఫ్రాన్స్ పంపింది. పంపించాలని పట్టుబట్టిన కిర్క్‌బ్రైడ్ అనే ప్రొఫెసరు మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసొచ్చినవాడు. పక్క దేశపు పిల్లల్తో కూర్చుని చదివినవాడు వాళ్ళ మీద తుపాకీ ఎత్తే ముందు ఆలోచిస్తాడని ఆయన లెక్క. అలా మొదలైంది. 1946లో ఫుల్‌బ్రైట్, 1987లో యూరప్‌లో ఎరాస్మస్ వచ్చాయి. తెల్లదేశాల పిల్లలకి ఇప్పుడిది డిగ్రీలో మామూలు భాగం.

మనకి మాత్రం ఇది తిరగేసి జరిగింది. మనం వెళ్ళలేదు, వాళ్ళు మన దగ్గరికొచ్చి చదివెళ్ళారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇక్కడ ఇరుక్కుపోయాడు. శత్రుదేశం మనిషి కాబట్టి నైజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. ఆయన ఆ నిర్బంధాన్ని ఫీల్డ్‌వర్క్ చేసుకున్నాడు. 1940లో చెంచులు, 1941లో గోదావరి ఒడ్డు కొండరెడ్లు, తర్వాత ఆదిలాబాద్ గోండులు. పాపికొండల రెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో లండన్‌లో అచ్చయింది. యుద్ధం తర్వాత ఆయన లండన్‌లో స్వాస్ అనే ప్రాచ్య విద్యల సంస్థలో ప్రొఫెసరయ్యాడు. మన తాతల ఇళ్ళల్లో తిన్న అంబలి అక్కడ ప్రొఫెసర్ కుర్చీ అయింది. ఆయనకి అన్యాయం చెయ్యకూడదు, మార్లవాయిలో గోండు పిల్లలకి గోండు టీచర్లని తయారుచేసే కేంద్రం 1943లో పెట్టించాడు. గోండీలో వాచకాలు రాయించాడు. భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. అక్కడి వాళ్ళు ఈరోజుకీ ఆ ఇద్దరికీ నివాళి పెడతారు. అయినా లెక్క లెక్కే. వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకం అట్టమీద ఉన్నాయి, చెప్పినవాళ్ళ పేర్లు లోపల ఎక్కడో ఉన్నాయి.

మా నరసాపురానికి కూడా ఇలాగే మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ వచ్చారు. లేసు అల్లే ఆడవాళ్ళ మీద ఆమె పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో కూర్చుని అల్లేది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం అని చెప్పి కూలి ఎలా తగ్గించారో మావైపు వీధుల్ని చూపించి ప్రపంచానికి చెప్పింది. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు 1960ల నుంచి తమ పిల్లల్ని ఏడాది పాటు మన దేశానికి పంపారు, విశాఖలో తెలుగు నేర్చుకెళ్ళిన బ్యాచులు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998 నుంచి విదేశీ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ నడుపుతోంది. ఆ పిల్లలకి క్రెడిట్లు వస్తాయి, ఇంటికెళ్ళాక డిగ్రీలో కలుస్తాయి. మన దగ్గర కూర్చుని చదివింది వాళ్ళకి మార్కులైంది. మనం మన గురించి చదువుకోవడానికి మాత్రం లండన్ పుస్తకం తెప్పించుకోవాలి, దాని ధర చూస్తే హాస్టల్ మెస్ బిల్లు గుర్తొస్తుంది.

వెళ్ళి, చదివి, వెనక్కొచ్చి, తెచ్చింది మనవాళ్ళకి పెట్టినవాడు ఎవరు అంటే మా ఓటు రామ్ దయాళ్ ముండాకి. 1939లో రాంచీ దగ్గర దియురీలో పుట్టి, 1963లో చికాగో యూనివర్సిటీకి వెళ్ళి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. మిన్నెసోటా యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. హాయిగా అక్కడే రిటైర్ అవ్వొచ్చు. 1980ల మొదట్లో అన్నీ వదిలి రాంచీ వచ్చి, యూనివర్సిటీలో గిరిజన, ప్రాంతీయ భాషల శాఖని నిలబెట్టారు. ముండారీ, సంతాలీ, కుడుఖ్ లాంటి భాషలకి ఎం.ఏ. క్లాసులు. తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ కుర్చీలో ఉన్నా అఖాడాలో డోలు పట్టుకుని ఆడేవారు. 2010లో పద్మశ్రీ, 2011లో చనిపోయారు. అమెరికాలో భాషల్ని ఎలా రాయాలో, ఎలా వ్యాకరణం కట్టాలో నేర్చుకున్న పనిముట్టునే ఇక్కడ తన భాష మీద పెట్టారు. మా యానాది, ఎరుకల మాటలకి అలాంటి మనిషి ఇంకా రాలేదు. ఎరుకల భాష మా ఇళ్ళల్లో ముసలాళ్ళ నోట్లోనే మిగిలింది, పిల్లలకి నాలుగు మాటలు వస్తే గొప్ప.

మన తెలుగు నేల మీద ఇప్పటి తరంలో అందరికీ తెలిసిన పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల. 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఏడు ఖండాల శిఖరాలూ 2022లో పూర్తిచేసింది. ఎవరెస్టు సంగతి అందరికీ తెలుసు గానీ, ఆవిడ అమెరికాలో మిన్నెసోటా స్టేట్ యూనివర్సిటీలో ఎక్స్చేంజ్ విద్యార్థినిగా చదివొచ్చిందని మన పిల్లల్లో సగం మందికి తెలీదు. రామ్ దయాళ్ పాఠాలు చెప్పిన ఆ మంచు రాష్ట్రమే. గురుకుల పాఠశాల నుంచి వచ్చిన తండా పిల్ల అక్కడ క్లాసులో కూర్చుంది. మొదట అడిగిన ప్రశ్నకి, అంటే మనలాంటి వాళ్ళకి వస్తుందా అన్నదానికి, జవాబు అదే.

అయితే ఒకటి. అది ఎవరెస్టు ఎక్కిన పిల్లకి వచ్చింది. మామూలుగా డిగ్రీ సెకండియర్ చదివే మా మొగల్తూరు పిల్లకి రావాలంటే ఏం కావాలి?

డబ్బు దారులు చూద్దాం. కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నాటి పథకం. ఏడాదికి దేశం మొత్తానికి ఇచ్చేవి 20. అందులో 17 ఎస్టీలకి, 3 పీవీటీజీలకి, అంటే మన రాష్ట్రంలో కొండరెడ్లు, చెంచులు, కోంధులు లాంటి వాళ్ళకి. 35 ఏళ్ళ లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలి. ఇది పీజీ, పీహెచ్‌డీ, ఆపైన చదువులకి. డిగ్రీలో ఒక సెమిస్టర్‌కి కాదు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ, ఎస్టీలకి 20 లక్షల దాకా ఇస్తోంది, అది కూడా పీజీ మొదలుకునే. ఆంధ్రాలో 2022లో తెచ్చిన పథకం క్యూఎస్ ర్యాంకుల్లో పైన ఉన్న యూనివర్సిటీలకి కట్టారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ పథకాల పేర్లూ షరతులూ మారతాయి, కాబట్టి అప్లై చేసేనాటి జీవో చూసుకోండి. మేం చెప్పేది ఏంటంటే, ఈ అన్నిటి మధ్య సెమిస్టర్ అనేది జారిపోయింది. రెండేళ్ళ పీజీకి దారి ఉంది, నాలుగు నెలల చదువుకి లేదు. అందుకే దీనికి దారి ఎక్కువగా విదేశీ ప్రభుత్వాల ఎక్స్చేంజ్ ప్రోగ్రాములే. అమెరికా విదేశాంగ శాఖ నడిపే వాటిల్లో ఫీజు, ఉండడానికి చోటు, భోజనం, విమానం, ఇన్సూరెన్స్ వాళ్ళే పెట్టుకుంటారు. వీసా జే-1, చదువు కాగానే తిరిగి రావాలి.

ఇంకో చిక్కు క్రెడిట్లది. యూజీసీ 2022లో విదేశీ యూనివర్సిటీలతో కలిసి చదువు చెప్పే నిబంధనలు తెచ్చింది. ట్విన్నింగ్ పద్ధతిలో మొత్తం క్రెడిట్లలో 30 శాతం దాకా బయట తెచ్చుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ న్యాక్ స్కోరు 3.01 లాంటి అర్హతలున్న సంస్థలే నేరుగా అలాంటి ఒప్పందాలు చేసుకోగలవు. మన పిల్లలు చదివే ఊరి డిగ్రీ కాలేజీల్లో ఎన్నింటికి అది ఉంటుంది? కాబట్టి నాలుగు నెలలు వెళ్ళొస్తే ఇక్కడ ఆ సెమిస్టర్ పరీక్షలు మళ్ళీ రాసుకోవాల్సి రావచ్చు. ఒక ఏడాది పోతుందేమో అని ఇంట్లో భయపడతారు. ఆ భయం తప్పేం కాదు. వెళ్ళేముందే కాలేజీ నుంచి, యూనివర్సిటీ నుంచి ఏ పేపర్లు కలుపుతారో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాటకి విలువ లేదు.

డెల్టా పిల్లలకి ఇంకో అన్యాయం ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాలన్నీ ఏలూరు జిల్లాకి పోయాయి. కోట రామచంద్రపురం ఐటీడీఏ అటే. ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఏజెన్సీ లేదు. మాకు సమాచారం చెప్పే ఆఫీసు దగ్గర్లో లేదు. యానాదుల కోసం ఐటీడీఏ ఉంది గానీ అది నెల్లూరులో. కొండ మీదున్న కోయ పిల్లకి కనీసం ఐటీడీఏ గేటు తెలుసు, చెరువు గట్టు మీద పాకలో ఉన్న యానాది పిల్లకి ఏ గేటూ తెలీదు. మైదాన గిరిజనుల పరిస్థితి మీద మన గ్రూపులోనే సరిగ్గా మాట్లాడుకోం. కొండవాళ్ళు మనల్ని గిరిజనులా అని అనుమానంగా చూసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అది ఇంకోసారి రాస్తాం, గొడవ అవుద్ది.

తిరిగి రావడం గురించి కూడా చెప్పాలి. అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్ళారు. అక్కడ ఎవరూ కులం అడగని గదుల్లో కూర్చుని చదివారు. 1917లో తిరిగొచ్చి, ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఉండడానికి అద్దె గది దొరకలేదు. పార్శీ సత్రంలో దిగితే వెళ్ళగొట్టారు. విదేశం మనిషిని మార్చి పంపుతుంది, ఊరు మారి ఎదురుచూడదు. నాలుగు నెలలు అక్కడ పేరు పెట్టి పిలిపించుకుని, ఇక్కడ దిగాక మళ్ళీ పాత పిలుపు వినాల్సి రావడం ఎలా ఉంటుందో వెళ్ళబోయేవాళ్ళకి ముందే చెప్పడం మంచిది. అక్కడ చలికి స్వెట్టరు సర్దుకున్నట్టు దీనికీ ఏదో ఒకటి సర్దుకోవాలి. ఏంటది అంటే మాకూ పూర్తిగా తెలీదు, వెళ్ళొచ్చినవాళ్ళు గ్రూపులో రాయాలి.

కాగితాల పని మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, కులధ్రువపత్రంలో ఇంకోలా ఉన్నవాళ్ళు మనలో చాలామంది. హాస్టల్లో చేర్పించేటప్పుడు ఎవరో ఉపాధ్యాయుడు తోచిన పుట్టినరోజు రాసేస్తే అదే జీవితాంతం. పాస్‌పోర్టు దగ్గర ఇవన్నీ బయటపడతాయి. మీసేవకో సచివాలయానికో వెళ్ళి ముందే సరిచేయించుకోండి.

చివరగా ఒక పని, వెళ్ళేవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ. హైమెండార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లో స్వాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి, ఇంటర్‌నెట్‌లో కూడా చూడొచ్చు. ఆయన తిరిగిన గోదావరి ఒడ్డు రెడ్ల ప్రాంతమే ఇప్పుడు పోలవరం ముంపు. వేలేరుపాడు, కుక్కునూరు, దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి, జనం పునరావాస కాలనీల్లో రేకుల కింద ఉన్నారు. ఆ కాలనీల్లో డెబ్బై, ఎనభై ఏళ్ళ అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. ఫోన్లో ఆ ఫొటోలు తీసి వాళ్ళకి చూపించండి. ఇందులో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఎవరి తండ్రి అని అడిగి పేర్లు రాసుకోండి, వాళ్ళ గొంతు కూడా రికార్డు చెయ్యండి. కాలనీలకి దగ్గరగా ఉన్న తమ్ముళ్ళు ముందుకొస్తే ఎండలు ముదరకముందే ఒక ఆదివారం మేం కూడా మొగల్తూరు నుంచి బయల్దేరతాం. లండన్ వెళ్ళే మొదటి మనిషికి ఆ పేర్ల పుస్తకం ఇచ్చి పంపిద్దాం, అక్కడ ఫొటోల పక్కన రాయించుకుని రావాలి.